రీడ్‌మీలో ఒక లైసెన్స్, లోపల ఇంకొకటి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో లైసెన్సుల గొడవే ఎక్కువ, అందులోనూ విశాఖ ఉత్తరాలే ఎక్కువ. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైపోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి. మీ ప్రశ్నల్లో సగం దాంట్లోనే తీరిపోతాయి. కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: లైసెన్స్ అంటే కోడ్‌ని మిగతావాళ్లు ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పేది. ఎంఐటీ, ఐఎస్‌సీ లాంటివి కాపీరైట్ లైనూ అనుమతి పాఠమూ ఉంచి ఏమైనా చేసుకోమంటాయి. జీపీఎల్ అయితే, ప్రోగ్రామ్ ఇంకొకరికి ఇచ్చినప్పుడు సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలంటుంది. రీడ్‌మీ అంటే ప్రాజెక్టు పరిచయం రాసి పెట్టే ఫైలు.

ప్రశ్న: సార్, మేం ఏడుగురం కలిసి కిరాణా షాపుల కోసం తెలుగులో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి చేశాం. కాలేజీలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా మొదలైంది. ఇప్పుడు పూర్ణా మార్కెట్లో నాలుగు షాపుల్లో, గాజువాకలో రెండు షాపుల్లో నడుస్తోంది. కోడ్ అంతా ఓపెన్ సోర్సే. మొన్న బయటి కంపెనీ ఒకటి, వాళ్ల బిల్లింగ్ మెషిన్లలో మాది పెట్టుకుంటామని, ముందు లైసెన్స్ ఏమిటో తేల్చి చెప్పమని మెయిల్ పెట్టింది. తీరా చూసుకుంటే రీడ్‌మీలో ఎంఐటీ అని ఉంది, లైసెన్స్ ఫైల్లో జీపీఎల్ మూడో వెర్షన్ ఉంది, ప్యాకేజ్ ఫైల్లో ఐఎస్‌సీ అని ఉంది, అదెవరు పెట్టారో ఎవరికీ తెలీదు. కొన్ని ఫైళ్ల పైన కాపీరైట్, లైసెన్స్ మాటలతో ఏవో హెడర్లున్నాయి, చాలావాటి పైన ఏమీ లేవు. రీడ్‌మీ మార్చేస్తే సరిపోతుందని మావాడు ఒకడంటున్నాడు. ఫైళ్ల లిస్టు జత చేస్తున్నాను. వారంలో జవాబివ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. (ఎంవీపీ కాలనీ నుంచి ఓ పాఠకుడు)

జవాబు: సరిపోదు. రీడ్‌మీ ఇంటి ముందు బోర్డు లాంటిది, బోర్డు మీద పేరు మార్చినంత మాత్రాన ఇల్లు చేతులు మారదు. మన దగ్గర ఫ్లాటు కొనేవాడు కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో చూసి అడ్వాన్సు ఇచ్చేస్తాడా? లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తాడు, మధ్యలో ఏ అన్నదమ్ముడి సంతకమో లేకపోతే అక్కడే ఆగిపోతాడు. ఆ కంపెనీ మిమ్మల్ని అడుగుతున్నది కూడా అదే. మీ ప్రాజెక్టుకి ఈసీ అంటే గిట్ హిస్టరీ. ఏ ఫైలు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఆ రోజున లైసెన్స్ ఫైల్లో ఏముంది, అసలు లైసెన్స్ ఫైలు ఉందా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి.

ముందు ఆ ఐఎస్‌సీ సంగతి. ఎవరు పెట్టారో తెలీదన్నారు, నిజానికి ఎవరూ పెట్టలేదు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఎన్‌పీఎం ఇనిట్ అనే కమాండ్ కొట్టినప్పుడు అది వరసగా ప్రాజెక్టు పేరు, వెర్షన్ అడుగుతూ వస్తుంది, లైసెన్స్ దగ్గరికి రాగానే ఐఎస్‌సీ అని తనే నింపి చూపిస్తుంది, మనం ఎంటర్ ఎంటర్ ఎంటర్ కొట్టుకుంటూ పోతాం. అలా పుట్టిన ఐఎస్‌సీలు ప్రపంచంలో ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. కాబట్టి దాన్ని పట్టుకుని కొట్టుకోకండి. చివర్లో మీరు తేల్చుకున్న లైసెన్స్ పేరు అక్కడ రాస్తే దాని గొడవ అయిపోతుంది.

ఇప్పుడు లిస్టులోకి వద్దాం. రెండుసార్లు చూశాను. నలభై చిల్లర కోడ్ ఫైళ్లలో మీవి కానివి మూడే కనిపించాయి, వ్యవహారం అంతా వాటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటిది థర్మల్ ప్రింటర్ ఫైలు, రెండంగుళాల కాగితం మీద బిల్లు కొట్టేది. దాని హెడర్ మీరు ఫొటో తీసి పంపారు (కాపీ చేసి పంపితే బాగుండేది, అద్దాలు తీసి పెట్టి తీసి పెట్టి చదివాను). ‘రెండో వెర్షన్ గానీ, మీ ఇష్టాన్ని బట్టి ఆ తర్వాతి ఏ వెర్షన్ గానీ’ అనే అర్థంలో ఒక వాక్యం ఉంది చూడండి, అదే మీ అదృష్టం. ఆ రెండో సగం లేకుండా ఉత్త ‘రెండో వెర్షన్’ అని మాత్రమే ఉంటే ఈ జవాబు మొత్తం వేరేగా రాయాల్సి వచ్చేది, ఎందుకంటే జీపీఎల్ రెండు మాత్రమే అన్న కోడ్‌ని జీపీఎల్ మూడు మాత్రమే అన్న కోడ్‌తో కలపడానికి దారి లేదు. జీపీఎల్ రెండో వెర్షన్ 1991లో వచ్చింది, మూడోది 2007లో. పేరు ఒకటే అయినా, ఆ ‘తర్వాతి వెర్షన్’ అన్న మాట లేకపోతే ఒకదాంట్లో ఒకటి ఇమడవు. ఆ హెడర్ చివర్లో బోస్టన్‌లో టెంపుల్ ప్లేస్ అని ఓ పోస్టల్ అడ్రస్ కూడా ఉంది. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అక్కణ్నుంచి ఫ్రాంక్లిన్ స్ట్రీట్‌కి మారి, 2024లో ఆ ఆఫీసు కూడా ఖాళీ చేసేసింది, మీ ఫైలు మాత్రం ఇంకా పాత ఇంటికే ఉత్తరాలు రాయమంటోంది. ఆ అడ్రస్ పాతదైనంత మాత్రాన లైసెన్స్‌కి ఏం కాదు, భయపడకండి.

రెండోది బార్‌కోడ్ లైబ్రరీ. అది అపాచీ 2.0 అనే ఇంకో లైసెన్స్ కింద ఉంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెప్పేదాని ప్రకారం అపాచీ 2.0 కోడ్ జీపీఎల్ మూడుతో కలుస్తుంది, రెండుతో కలవదు. పేటెంట్ల గురించి అపాచీలో ఉన్న షరతులు రెండో వెర్షన్‌కి అదనపు ఆంక్షల కింద లెక్క. పైగా ఇది ఒకవైపే వెళ్లే దారి. అపాచీ కోడ్ జీపీఎల్ మూడు ప్రాజెక్టులోకి రావచ్చు, జీపీఎల్ కోడ్ అపాచీ ప్రాజెక్టులోకి వెళ్లలేదు.

మూడోది లక్షలు, కోట్లు మన పద్ధతిలో కామాలు పెట్టి చూపించే చిన్న ఫంక్షన్. పైన కామెంట్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో (ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే సైటు) లింకు పెట్టారు. లింకు దాచకుండా పెట్టినవాణ్ని మెచ్చుకోవాలి, చాలామంది చెరిపేస్తారు. అక్కడి జవాబులు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ లైసెన్స్ కింద ఉంటాయి, అంటే రాసినవాడి పేరు చెప్పాలి, మార్చి పంచినా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. 2018 మే 2 నుంచి పెట్టినవైతే 4.0 వెర్షన్, దాన్ని జీపీఎల్ మూడులోకి తెచ్చుకోవచ్చు, 2015లో క్రియేటివ్ కామన్స్ సంస్థే ఆ దారి తెరిచింది. అంతకుముందు పెట్టినవి 3.0 (2011 ఏప్రిల్ 8కి ముందువైతే 2.5), వాటికి ఆ సౌకర్యం లేదు. మీ లింకులో ఉన్న జవాబు 2014 నాటిది. ఇరవై లైన్లు కూడా లేని ఫంక్షన్ కోసం ఎందుకొచ్చిన తంటా, పాతది చూడకుండా మీలో ఎవరో ఒకరు కూర్చుని కొత్తగా రాసేయండి. చిన్నప్పుడు ఎక్కాలు నేర్చిన ఎవరికైనా లక్ష తర్వాత కామా ఎక్కడ పెట్టాలో తెలుసు.

ఇప్పుడు లెక్క కలిపి చూడండి. ప్రింటర్ ఫైలు అందులో ఉన్నంతకాలం మొత్తం ప్రోగ్రామ్‌ని ఎంఐటీ కింద ఇస్తున్నామని చెప్పుకోలేరు. బార్‌కోడ్ లైబ్రరీ ఉన్నంతకాలం జీపీఎల్ రెండు అని కూడా చెప్పుకోలేరు. మిగిలింది జీపీఎల్ మూడు. అంటే మీ లైసెన్స్ ఫైలే నిజం చెబుతోంది, రీడ్‌మీయే అబద్ధం. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత గుర్తొచ్చింది, రెండో సగం నేను చెప్పను.

మాకు ఎంఐటీయే కావాలి అంటారా, అది వేరే సంగతి. అప్పుడు ఆ ప్రింటర్ ఫైలు తీసేసి దాని బదులు మీ సొంతది రాసుకోవాలి, జీపీఎల్ కిందకి వస్తుందనుకుని పని చేసిన ప్రతి ఒక్కరి దగ్గరా ఎంఐటీ కింద ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు రాయించుకోవాలి. ఇక్కడే మీ కెనడా స్నేహితుడి సమస్య వస్తుంది. నలభై మూడు కమిట్లు (గిట్‌లో నమోదైన మార్పులు) చేసి, ఉద్యోగం కోసం వెళ్లిపోయి, మెసేజ్‌లకి జవాబివ్వడం లేదన్నారు. అతను పని చేసింది లైసెన్స్ ఫైలు పెట్టాక. రీడ్‌మీ చూసి ఎంఐటీ అనుకున్నాడా, లైసెన్స్ ఫైలు చూసి జీపీఎల్ అనుకున్నాడా మనకు తెలీదు. కానీ ఎలా అనుకున్నా ఆ కోడ్ జీపీఎల్ మూడులో ఇముడుతుంది, ఎందుకంటే ఎంఐటీ కోడ్‌ని జీపీఎల్ ప్రాజెక్టులో వాడుకోవడానికి అడ్డేమీ లేదు. ఎంఐటీ వైపు వెళ్లాలంటే మాత్రం అతను దొరకాల్సిందే, లేదా ఆ నలభై మూడు కమిట్ల పనీ మళ్లీ చేయాల్సిందే. జీపీఎల్ మూడు వైపు వెళ్తే అతని కోసం ఆగక్కర్లేదు. నా ఓటు అటే, అది గొప్ప లైసెన్స్ అని కాదు, మీ దగ్గరున్న కాగితాలు దానికే సరిపోతున్నాయి గనక.

అందరి దగ్గరా అనుమతులు తీసుకోవడం ఎంత పనో పెద్ద ప్రాజెక్టుల్ని చూస్తే తెలుస్తుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్లు తమ కోడ్ మొత్తాన్ని మూడు లైసెన్సుల కిందకి తేవాలని 2001లో మొదలుపెడితే 2006 దాకా పట్టింది. వీఎల్‌సీ ప్లేయర్ ఇంజిన్‌ని జీపీఎల్ నుంచి, దానికన్నా కాస్త సడలింపున్న ఎల్‌జీపీఎల్‌కి మార్చడానికి డెవలపర్లను ఒక్కొక్కర్నీ వెతికి పట్టుకున్నారు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపే లైబ్రరీ ఓపెన్ ఎస్ఎస్ఎల్ వాళ్లు 2017లో పాత డెవలపర్లకి మెయిళ్లు పంపుతూ, జవాబు రాకపోతే అభ్యంతరం లేనట్టే అనుకుంటాం అన్నారు, దాని మీద గట్టిగానే విమర్శలు వచ్చాయి. మన పెళ్లిచూపుల్లో మౌనం అంగీకారం అవుతుందేమో గానీ కాపీరైట్‌లో కాదు. ఆ మార్పు చివరికి 2021లో 3.0 వెర్షన్‌తో అపాచీ 2.0 కింద పూర్తయింది. అందరూ కలిసి గీసే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వాళ్లు 2012లో లైసెన్స్ మార్చినప్పుడు ఇంకా కఠినంగా ఉన్నారు, ఒప్పుకోనివాళ్లు గీసిన రోడ్లనీ, గుర్తుల్నీ మ్యాపులోంచి తీసేశారు. మీరు ఏడుగురే. ఇదంతా బీచ్ రోడ్డులో ఒక సాయంత్రం కూర్చుంటే తెమిలే వ్యవహారం.

ఆ సాయంత్రం చేయాల్సిన అసలు పని ఒకటుంది. లైసెన్స్ ఫైలు పెట్టకముందు, అంటే మొదటి నాలుగు నెలల్లో, మీరూ ఇంకో స్నేహితుడూ రాసిన కోడ్‌కి ఏ లైసెన్సూ లేదు. లైసెన్స్ లేని కోడ్ అందరిదీ అనుకుంటారు చాలామంది. అది తప్పు, లైసెన్స్ లేకపోతే హక్కులన్నీ రాసినవాడివే. కాబట్టి మీ ఇద్దరూ ఆ పాత కోడ్‌ని కూడా జీపీఎల్ మూడు కింద ఇస్తున్నామని రాసివ్వాలి. వాట్సాప్‌లో బొటనవేలు ఎమోజీ చాలదు. మన 1957 కాపీరైట్ చట్టం 30వ సెక్షన్ లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలంటుంది. 19వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది, హక్కులు రాసిచ్చేటప్పుడు ఎంతకాలానికో చెప్పకపోతే అయిదేళ్లకే అనీ, ఎక్కడెక్కడో చెప్పకపోతే ఇండియాలో మాత్రమే అనీ అనుకుంటారు. 30ఏ సెక్షన్ వల్ల, తగిన మార్పులతో, ఆ నియమాలు లైసెన్సులకూ వర్తిస్తాయి. అందుకే మీ కాగితంలో ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అన్న నాలుగు మాటలు రాయడం మర్చిపోకండి. ఎంఐటీ పాఠంలో ఈ కాలం, ప్రదేశం మాటలు లేవు. అపాచీలో రెండూ ఉన్నాయి. జీపీఎల్ మూడులో కాపీరైట్ ఉన్నంతకాలం అని ఉంది. మిగతావాళ్ల చేత కూడా ఇదే రాయించుకుంటే మంచిది, కెనడా అబ్బాయి తర్వాతెప్పుడైనా పలికితే అతనిదీ.

ఇంకో నిర్ణయం కూడా అక్కడే తీసుకోండి, ‘మూడు మాత్రమే’నా, ‘మూడు లేదా ఆ తర్వాతివి’నా అన్నది. లైసెన్స్ ఫైల్లో జీపీఎల్ పాఠం పెట్టినంత మాత్రాన ఇది తేలదు, ఎక్కడో ఒకచోట మీ మాటగా రాయాలి. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) కావాలనే ‘రెండు మాత్రమే’ దగ్గర ఆగిపోయింది. మీరు ‘తర్వాతివి’ అని పెట్టుకుంటేనే మంచిదనిపిస్తుంది నాకు, ఇప్పుడు ప్రింటర్ ఫైలు మిమ్మల్ని కాపాడినట్టు రేపు మీ ఫైలు ఇంకెవర్నో కాపాడుతుంది.

తేల్చుకున్నాక మిగిలింది చేతి పని. ప్రతి ఫైలు పైనా రెండు లైన్లు రాయాలి, కాపీరైట్ ఎవరిది, లైసెన్స్ ఏది. లైసెన్స్ లైనుకి ఎస్‌పీడీఎక్స్ అనే పద్ధతి ఉంది, లినక్స్ ఫౌండేషన్ కింద మొదలై 2021లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. ‘ఎస్‌పీడీఎక్స్-లైసెన్స్-ఐడెంటిఫయర్’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ‘జీపీఎల్-3.0-ఆర్-లేటర్’ అని రాస్తే (ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే సుమా) మనిషికీ అర్థమవుతుంది, మెషిన్‌కీ అర్థమవుతుంది. లినక్స్ కెర్నల్లో 2017 నవంబర్‌లో ఈ పని మొదలుపెట్టినప్పుడు, ఏ లైసెన్స్ మాటా లేని ఫైళ్లు పది వేలకు పైగా తేలాయి. అంతటి కెర్నలే అలా ఉందంటే మీ నలభై ఫైళ్ల గురించి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ పని చేసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటి చెప్తాను. అన్ని ఫైళ్లకీ ఒకేలా ఉండాలని ఒక స్క్రిప్టు రాసి, పాత హెడర్లన్నీ పీకేసి, అన్నిటి మీదా ఒకే ముద్ర కొట్టేస్తారు. అలా చేయకండి. లైసెన్సులు ఒక దారికి తేవడమంటే అన్నీ ఒకటే చేయడం కాదు, ప్రతి ఫైలు తనదేదో తను సరిగ్గా చెప్పేలా చేయడం. బార్‌కోడ్ లైబ్రరీ అపాచీగానే ఉండాలి, దాని నోటీస్ ఫైలు ఉంటే అదీ వెంట రావాలి, మీరు మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి. ప్రింటర్ ఫైలు మీద అసలు రాసినవాడి పేరు అలాగే ఉండాలి, మీరు దిద్దింది ఉంటే కింద మీ పేరు కలపండి. మొత్తం ప్రోగ్రామ్ జీపీఎల్ మూడు కింద బయటికి వెళ్తుంది, లోపల గదులు మాత్రం ఎవరివి వాళ్లవే.

పదేళ్ల కిందట రుషికొండలో నేను పనిచేసిన చోట ఇలాంటి స్క్రిప్టే ఒకటి నడిపారు. నడిపింది నేనే, దాచడమెందుకు. మా కంపెనీ హెడర్ నూట నలభై లైన్ల క్యాలెండర్ ఫైలు మీద కూడా పడింది, అది మాది కాదు, ఎవరో పుణ్యాత్ముడు ఎంఐటీ కింద ఇచ్చింది. కస్టమర్ వాళ్లు కోడ్ స్కాన్ చేయిస్తే అసలు ఫైలుతో సహా దొరికింది. ఆ పాత హెడర్ మళ్లీ పెట్టి, మిగతా ఫైళ్లన్నీ మావేనని ఒక్కొక్కటీ నిరూపించుకునేసరికి మూడు వారాలు పోయాయి. ఎంఐటీ అడిగే షరతు ఒకే ఒక్కటి, కాపీరైట్ లైనూ అనుమతి పాఠమూ ఉంచమని. అదీ చేయలేకపోయాం.

పని అయ్యాక సరిచూసుకోవడానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యూరప్ వాళ్ల రీయూజ్ అనే పనిముట్టు ఉంది. లైసెన్స్ పాఠాలన్నీ ఒక ఫోల్డర్లో పెట్టమంటుంది. బొమ్మల్లాంటి వాటి లోపల కామెంట్ రాయలేం కాబట్టి వాటి పక్కనే అదే పేరుతో, చివర డాట్ లైసెన్స్ తగిలించి చిన్న ఫైలు పెట్టమంటుంది. రీయూజ్ లింట్ అని కొడితే ఏ ఫైలుకి ఏం తక్కువైందో లిస్టు ఇస్తుంది. మొదటిసారి ఆ లిస్టు చూస్తే గుండె జారుతుంది, ఏం ఫర్వాలేదు, రెండు మూడు గంటల్లో ఖాళీ అవుతుంది. మీ లిస్టులో ఉన్న ఐకాన్ల ఫోల్డర్ దగ్గర మాత్రం ఒకసారి ఆగండి. అందులో ఒకటి రెండు ‘నాన్ కమర్షియల్’ అని ఉన్నాయి. డబ్బు తీసుకుని సామాన్లమ్మే షాపులో నడిచే సాఫ్ట్‌వేర్‌కి ఆ బొమ్మ పనికిరాదు, మార్చేయండి.

కంపెనీకి వారంలో జవాబంటే, ఇవాళే మెయిల్ పెట్టండి. మొత్తం జీపీఎల్ మూడు కింద రాబోతోంది, లోపల అపాచీ భాగం ఒకటుంది, ఫైలు ఫైలుకీ సరిచేస్తున్నాం, పదిహేను రోజులు కావాలి అని. మెషిన్లు అమ్మేటప్పుడు కొన్నవాళ్లకి సోర్స్ కోడ్ ఇవ్వాల్సి ఉంటుందని కూడా మీరే చెప్పండి, తర్వాత వాళ్లు కనుక్కుని అడిగే కంటే నయం. వద్దనుకుంటే వద్దనుకుంటారు. తొందరపడి ఎంఐటీ అని రాసిచ్చి, ఆ తర్వాత ప్రింటర్ ఫైలు బయటపడితే అప్పుడు చూడాలి మీ టెన్షన్.

అన్నట్టు, ఉత్తరం చివర్లో చిన్న అక్షరాల్లో అడిగారు, పూర్ణా మార్కెట్ షాపాయన ‘మీ లైసెన్స్ వల్ల నా పద్దులు కూడా అందరికీ చూపించాలా బాబూ’ అని కంగారు పడుతున్నాడని. అక్కర్లేదని చెప్పండి. జీపీఎల్ ప్రోగ్రామ్‌కి సంబంధించింది, దాంట్లో ఆయన కొట్టిన లెక్కలకి కాదు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆయన గుట్టుగా ఉంచుకోవచ్చు.

ప్రశ్న: నేను ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాను. రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కోడ్ ఇస్తుంటాను. ఇప్పుడు వాళ్లు అందరి దగ్గరా లైసెన్స్ ఒప్పుకోలు తీసుకుంటున్నారు. నేను సంతకం పెట్టొచ్చా? ఆ కోడ్ నాదేనా? (మధురవాడ పాఠకురాలు)

జవాబు: సంతకం పెట్టకముందు బీరువాలోంచి మీ ఆఫర్ లెటర్ తీసి చదవండమ్మా, జీతం అంకె ఉన్న పేజీ కాదు, దాని తర్వాతి పేజీలు. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే. ఆఫీసు పనికి సంబంధం లేకుండా, మీ లాప్‌టాప్ మీద, మీ టైములో రాసింది మామూలుగా మీదే అవుతుంది. కానీ చాలా కంపెనీలు ఆ లెటర్లో ‘ఉద్యోగకాలంలో చేసిన ప్రతిదీ మాదే’ అనే అర్థంలో ఓ పేరా పెడతాయి, అది ఎంత వెడల్పుగా ఉందో చూసుకోవాలి. అనుమానంగా ఉంటే హెచ్ఆర్‌కి ప్రాజెక్టు పేరు చెప్పి, ఫలానా పని నా సొంతంగా చేస్తున్నాను, మీకు అభ్యంతరం లేదని రాసివ్వండి అని మెయిల్ పెట్టండి. జవాబు రావడానికి టైము పడుతుంది, పట్టనివ్వండి. ఆఫీసు లాప్‌టాప్ మీద రాసిన కమిట్లు ఏవైనా ఉంటే వాటి తేదీలు ప్రాజెక్టు వాళ్లకి ముందే చెప్పేయండి, దాచుకుంటే వాళ్ల మెడకి చుట్టుకుంటుంది.

వాళ్లు ప్రతి కమిట్‌కీ ‘సైన్డ్ ఆఫ్ బై’ లైను పెట్టమంటున్నారని కూడా రాశారు. గిట్‌లో కమిట్ అన్నాక మైనస్ ఎస్ కొడితే ఆ లైను అదే వస్తుంది. దాని అర్థం, ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కుంది అని మీరు మాటిస్తున్నారని. ఎస్‌సీఓ కంపెనీ 2003లో లినక్స్ కోడ్ మీద కోర్టుకెక్కాక, 2004లో కెర్నల్ వాళ్లు ఈ పద్ధతి పెట్టుకున్నారు. అలవాటుగా కొట్టేసే ఎస్ కాదది.

ప్రశ్న: మా యాప్‌లో మండలి, గిడుగు ఫాంట్లు వాడుతున్నాం. యాప్ జీపీఎల్ కాబట్టి ఫాంట్లు కూడా జీపీఎల్ అని రాసేయొచ్చా? యాప్‌ని డబ్బుకి అమ్మితే ఫాంట్లతో సమస్య వస్తుందా? (సీతమ్మధార పాఠకుడు)

జవాబు: రాయకూడదు. ఆ రెండూ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, మీరు అక్షరాలు దిద్దినా సరే ఆ లైసెన్స్ కిందే ఉండాలి. ఫాంట్‌ని ఒక్కదాన్నే విడిగా అమ్మడం కుదరదు గానీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు, అమ్మొచ్చు కూడా. ఫాంట్ ఫోల్డర్లో కాపీరైట్ లైనుతో సహా ఆ లైసెన్స్ పాఠం పెట్టండి, అంతే. రిజర్వ్ చేసిన పేరు ఉందేమో చూసుకోండి, ఉంటే మీరు మార్చిన ఫాంట్‌కి వేరే పేరు పెట్టాలి. ఆ ఫాంట్‌తో ప్రింటు చేసిన కాగితాలకి ఏ షరతూ లేదు. ఉత్తరాంధ్రలో పుట్టి, జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరున్న ఫాంట్‌తో మీ యాప్‌లో ‘దిగుమతి నిర్వహణ’ అని రాశారు, స్క్రీన్‌షాట్‌లో చూశాను. ‘వచ్చిన సరుకు’ అంటే షాపువాళ్లకి ఇంకా బాగా తెలుస్తుందేమో ఆలోచించండి.

ప్రశ్న: మా ప్రాజెక్టుకి ఎంఐటీయే పెట్టి, చివర్లో ‘చెడ్డ పనులకు వాడరాదు’ అని ఒక్క లైను కలుపుదామనుకుంటున్నాం. అప్పుడు కూడా ఓపెన్ సోర్సేనా? (అనకాపల్లి పాఠకుడు)

జవాబు: కాదు. ఫలానా పనికి వాడకూడదు అనగానే ఓపెన్ సోర్స్ నిర్వచనం దాటిపోతారు. జేసన్ లైసెన్స్‌లో అచ్చం ఇలాంటి లైనే ఉంది, మంచికే వాడాలి, చెడుకు వాడకూడదని. మనసు మంచిదే. కానీ లినక్స్‌ని పంచే డెబియన్ వాళ్లు దాన్ని ‘ఫ్రీ’ (స్వేచ్ఛగా వాడుకోగల) లైసెన్స్ కాదన్నారు, అపాచీ ఫౌండేషన్ 2016లో తమ ప్రాజెక్టుల్లో ఆ లైసెన్స్ కోడ్ వద్దంది. ఏది చెడో మీరు చెప్పలేదు, కోర్టు చెప్పలేదు, వాడేవాడి వకీలు మాత్రం రిస్కు ఎందుకని పక్కన పెట్టేస్తాడు. పైగా ఒక్క లైను మార్చినా అది ఎంఐటీ కాదు, ఎస్‌పీడీఎక్స్ లిస్టులో లేని కొత్త లైసెన్స్ అవుతుంది, దాన్ని ప్రతివాడూ మొదటినుంచి చదువుకోవాలి. ఆ లైను రీడ్‌మీలో మీ కోరికగా రాసుకోండి, లైసెన్స్ ఫైల్లో వద్దు.